తలుపు తీస్తే కదా చెత్త ఇచ్చేది!

సంపాదకులకు,

పొడి చెత్తను సేకరణ కేంద్రానికి తెచ్చివ్వమంటూ మా మున్సిపాలిటీ వారి ప్రకటన పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చింది. ఆ ఫొటోలో తప్ప ఆ కేంద్రం తలుపులు తెరిచి ఉండగా మా వీధిలో చూసినవాళ్లు తక్కువ. ఒకసారి అదృష్టం కొద్దీ ఓ కుర్రాడు దొరికాడు. అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు తీసుకుని, పాల ప్యాకెట్లు వద్దన్నాడు. కాలిపోయిన ట్యూబులైట్లు, బ్యాటరీలు, గడువు తీరిన మందులు చూపిస్తే "అయ్యి మా దాంట్లోకి రావండీ" అన్నాడు. వాడినేం అంటాం, పైవాళ్లు చెప్పిందే చెప్పాడు.

అట్టలకీ సీసాలకీ ఈ కేంద్రం ఎందుకండీ? పాత సామాన్ల వాడు గుమ్మంలోకే వచ్చి, తూకం వేసి, డబ్బులిచ్చి మరీ పట్టుకెళ్తున్నాడు. ఎవరూ కొననిదే కదా మున్సిపాలిటీ తీసుకోవాల్సింది! ఇళ్లలోని ప్రమాదకర చెత్తకు పట్టణాల్లో 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలనీ, తీసుకునే వేళలు ప్రకటించాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. వేళలు రాయాల్సిన గోడకి నాయకుల ఫ్లెక్సీ కట్టారు. ప్లాస్టిక్ వాడొద్దని చెప్పే ఆ ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే.

వద్దన్న చెత్త ఎటు పోతుందో డెల్టాలో ఎవర్నడిగినా చెప్తారు. వేసవిలో కాలువ కట్టేశాక వంతెన మీద నుంచి చూడండి. గుర్రపుడెక్క కింద క్యారీబ్యాగులు, మాత్రల అట్టలు, తాగి పారేసిన బొండాలు. మళ్లీ నీళ్లొదలగానే అదంతా కదులుతుంది. మా మంచినీటి చెరువులు నింపేది ఆ నీళ్లతోనే. కాటన్ దొర విగ్రహానికి ఏటా దండలేసే పెద్దలకి ఆయన చలవతో వచ్చిన కాలువలోకి తొంగిచూసే తీరిక మాత్రం ఉండదు.

ఆ మధ్య ఇంటికి మూడు రంగుల బుట్టలిచ్చి, చెత్త పన్ను వేసి, తర్వాత ప్రభుత్వం మారాక పన్ను ఎత్తేశారు. ఆ బుట్టల్లో ఇప్పుడు మా వాళ్లు బియ్యం పోసుకుంటున్నారు, ఎందుకంటే వేరు చేసి ఇచ్చిందంతా బండిలో ఒక్కటే కుప్ప. నెలలో మూడో శనివారం వస్తే 'స్వచ్ఛాంధ్ర' అంటూ అధికారులు చీపుళ్లతో ఫొటోలకు నిలబడతారు, ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. వార్డు సచివాలయంలో అడిగితే మున్సిపల్ ఆఫీసుకంటారు, అక్కడ అడిగితే సచివాలయానికంటారు.

వారానికి రెండు పూటలు తీసినా చాలు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కమిషనర్ గారు మీ పత్రికలోనైనా చెబితే, మేమే వెళ్లి తెచ్చుకుని తలుపు తీసుకుంటాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కోనసీమ