25 వేలు వచ్చాయటగా!

విజయవాడ,
22 అక్టోబరు 2024.

ఒరేయ్ శీనూ,

నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. నీ మీద కోపమేం లేదురా. మాట్లాడితే ఏడుపొచ్చేట్టుంది, అందుకే కాగితం తీసుకున్నాను. మొన్న ఆదివారం ఓణీల ఫంక్షన్‌లో విస్తరి ముందు నుంచి లేచి ఎందుకు వచ్చేశానని అడిగావు కదా, చెప్తాను.

బంతిలో అమ్మ పక్కనే కూర్చున్నాను. అక్క పెట్టిన కొత్త చీర కట్టుకుంది అమ్మ. ఎదుటి వరసలోంచి ఒకావిడ, మనకి దగ్గరి చుట్టమే, "ఏం పిన్నీ, 25 వేలు వచ్చాయటగా! చీర బాగుంది" అంది. పక్కనున్నాయన అందుకుని "బుడమేట్లో ఇల్లు కట్టుకుంటే బుడమేరు రాక ఇంకేమొస్తుంది?" అన్నాడు. నలుగురూ నవ్వారు. అమ్మ కలిపిన ముద్ద విస్తరిలోనే ఉండిపోయింది. నాకు ఆ ముద్దే కనపడుతోంది ఇప్పటికీ.

బుడమేరు వాగు మా ఇంటిని ముంచిన ఆ వరద రోజుల సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆగస్టు 31 శనివారం అంతా ఆగకుండా వాన. ఆదివారం పొద్దున లేచేసరికి మా సింగ్ నగర్ వీధిలో మోకాలి లోతు నీళ్లు. వాన నీళ్లే, తీసేస్తాయిలే అనుకున్నాం. ఖాళీ చెయ్యమని మా వీధికొచ్చి ఎవరూ చెప్పలేదు. వెలగలేరు దగ్గర బుడమేరు గేట్లు ఎత్తడం, బుడమేరుని కృష్ణలోకి తిప్పే కాలవకి గండ్లు పడడం, ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఇటు చూస్తే కృష్ణే నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 వరదని కూడా దాటింది. ఇక బుడమేరు నీళ్లు ఎటు పోతాయి? మా ఇళ్లలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి కిటికీ చువ్వలు మునిగాయి. అమ్మని మెట్ల మీదుగా పై వాటాకి ఎక్కించడం ఒక్కటే చెయ్యగలిగాను.

పై వాటావాళ్లు అద్దెకొచ్చి మూడు నెలలు కాలేదు. వాళ్ల రెండు గదుల్లో పద్నాలుగు మందిమి ఉన్నాం. ఉన్న బియ్యం అందరికీ వండి, వాళ్లు చివర్లో తిన్నారు. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మిగతావన్నీ చేదు మాటలే చెప్పబోతున్నాను.

మూడో రోజు అమ్మకి బీపీ మాత్రలు అయిపోయాయి. పడవవాడు ఫ్లైఓవర్ దాకా తలకి వెయ్యి రూపాయలన్నాడు. ఇచ్చాను. తీరా ఫ్లైఓవర్ ఎక్కితే అక్కడ జనం, మునగని పేటల నుంచి కుటుంబాలతో నీళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు. మా వీధుల్ని వెనక పెట్టుకుని సెల్ఫీలు దిగుతున్నారు. పిల్లల చేతుల్లో ఐస్‌క్రీములు. అమ్మ తడిసిన చీరతో, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. ఎవరో కుర్రాళ్లు పులిహోర పొట్లం ఇచ్చారు. మంచి పనే. కానీ ఇచ్చాక వదల్లేదు. "అమ్మా, పొట్లం కాస్త పైకి పట్టుకోండి, ఇటు చూడండి, ఒక్కసారి నవ్వండి" అన్నారు. మా అమ్మ సంగతి నీకు తెలుసు కదరా. మన కాలేజీ రోజుల్లో నువ్వు ఏ వేళప్పుడొచ్చినా "అన్నం తిన్నావా" అని కాకుండా "కాళ్లు కడుక్కుని రా" అనేది. ఆ మనిషి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అయితే వీడియో రాదండీ" అన్నాడు కుర్రాడు. పొట్లం తిరిగి అతని చేతిలో పెట్టేసి, అమ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది.

తర్వాత బట్టల మూటలు వచ్చాయి. ఒకదాంట్లో హుక్కులూడిన జాకెట్లు, కాలిన మరకల చీరలు, ఒకే కాలి చెప్పు. బురద కడుక్కోవడానికి పనికొస్తాయని అమ్మ మడిచి పెట్టుకుంది.

ఏట్లో ఇల్లన్న మాటకొస్తాను. నాన్న 1996లో ఆ స్థలం కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ అయింది. ప్లాను ఇచ్చారు, కరెంటు ఇచ్చారు, కుళాయి ఇచ్చారు, ఏటా ఇంటిపన్ను కట్టించుకున్నారు. ఒక్కరైనా ఇది ఏరు అని చెప్పారా? 2005లోనూ బుడమేరు ఊరి మీద పడింది. ఆ తర్వాతైనా కాలవ వెడల్పు చెయ్యాల్సినవాళ్లని అడగాల్సిన ప్రశ్న అది, మా అమ్మని కాదు. ఇంకా కట్ట లోపల గుడిసె వేసుకున్నవాళ్లున్నారు. వాళ్లకి మాత్రం వేరే చోటుందా, ఉంటే అక్కడ ఎందుకుంటారు?

25 వేల సంగతి కూడా చెప్తాను. వరద సాయంగా ప్రభుత్వంవాళ్లు కింద వాటా మునిగినవాళ్లకి 25 వేలు, పైన ఉన్నవాళ్లకి 10 వేలు ఇచ్చారు, తీసుకున్నాం, కాదనను. ఫ్రిజ్, మంచాలు, పరుపులు, బీరువా, నా బండి, అమ్మ కుట్టుమిషను పోయాయి. ఆ మిషనుతోనే కదా నన్ను చదివించింది. మోటారు ఆరబెట్టినా తిరగలేదు. ఇవన్నీ లెక్కలేసి ఆవిడకి చెప్పాలా? అసలు నా బాధ డబ్బు గురించి కాదు. మునిగినవాడు మంచి చీర కట్టుకోకూడదు, నవ్వకూడదు, ఇచ్చినదాంట్లో వంక పెట్టకూడదు, మునిగినట్టే కనపడుతూ ఉండాలి. ఆ చూపుకి మేం రోజూ రుజువు చూపించుకోవాల్సొస్తోంది.

ఇప్పుడు నీకే చెప్తున్న మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది, గుర్తుందా? మా ఆఫీసులో శ్రీకాకుళం వైపు ఉద్దానం నుంచి వచ్చినాయన ఉండేవాడు. పలాస అవతల వాళ్ల ఊరు. కొబ్బరి తోట మొత్తం ఒక్క రాత్రిలో పడిపోయిందని చెప్తుంటే, "చెట్లే కదండీ, మళ్లీ నాటుకోవచ్చు, పరిహారం కూడా ఇస్తారుగా" అన్నాను. ఓదార్పే అనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు, టిఫిన్ డబ్బా మూత పెట్టేశాడు. కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుందని, అక్కడ చెట్టుని కొడుకులా చూసుకుంటారని నాకప్పుడు పట్టలేదు. మొన్న బంతిలో అమ్మ చెయ్యి ఆగినప్పుడు ఆ డబ్బా మూత గుర్తొచ్చింది.

నీళ్లు తీశాక నాకొచ్చిన మొదటి ఫోను ఆయనదే, శీనూ. ఎంత పోయింది అని అడగలేదు. "బురద ఆరకముందే కడిగేయండి, ఆరితే రాయి అయిపోతుంది. కాగితాలు ఎండలో పెట్టకండి, నీడన ఒక్కొక్కటీ విడదీయండి. బీరువా వెనక పాములుంటాయి, కర్రతో తట్టి చెయ్యి పెట్టండి" అన్నాడు. రెండు రోజులకి మళ్లీ చేసి, అమ్మగారు నిద్రపోతున్నారా అని అడిగాడు. తిత్లీ నాటి మాటకి క్షమించమన్నాను. "అదేం లేదండీ" అని మాట మార్చాడు. నిజంగా మర్చిపోయాడని నేననుకోను.

ఖమ్మంలో మున్నేరు పొంగింది కూడా ఆ ఆదివారమే కదా. మీ అత్తగారివాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయని ఒక్కసారి చెప్పి ఊరుకున్నావు. నేనూ మళ్లీ అడగలేదు. ఇప్పుడు వాళ్లెలా ఉన్నారో రాయి. మామయ్యగారికి నిద్ర పడుతోందా?

దీపావళికి రా. అమ్మ నిన్ను అడుగుతోంది. స్వీట్లు, చీరలు ఏమీ తేవొద్దు. మా పెళ్లి ఆల్బమ్ అట్టలతో సహా ముద్దయిపోయింది, ఒక్క ఫొటో విడిపోలేదు. నీ కెమెరాతో ఆ రోజు కొన్ని తీశావు కదా, నాన్న నా తలపాగా సర్దుతున్నది ఒకటి ఉండాలి. ఉంటే కడిగించి తీసుకురా. అమ్మకి ఇంకా చెప్పలేదు.

నీ
రాము