బాడుగింట్లో ఉన్న నా కూతురికి

అనంతపురం,
డిసెంబరు 8

పాపా,

మొన్న 6న అంబేడ్కర్ వర్ధంతికి మన కాలనీ హాల్లో ఆయన సినిమా వేశారు. జబ్బార్ పటేల్ తీసింది, మమ్ముట్టికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. మాటలన్నీ ఇంగ్లీషే. డిగ్రీ చదివే పిల్లోడొకడు మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్తూ వచ్చాడు. మూడు గంటలూ అవ్వ కుర్చీలోంచి కదల్లేదు.

మహారాష్ట్రలోని మహాడ్ చెరువు సీను వచ్చింది. ఆయన నీళ్ల దగ్గరికి దిగి దోసిలి పట్టాడు. "ఎవరూ పోయకుండానే తాగినాడే!" అంది అవ్వ, పైకే. హాలంతా నిశ్శబ్దం. అవ్వ కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఊరి బావిలో మనవాళ్లు చేద వేయకూడదు. ఖాళీ బిందె ముందర పెట్టుకుని దూరంగా కూర్చోవాలి. ఏ తల్లికైనా దయ కలిగితే, చేద బిందెకు తగలకుండా పైనుంచి పోసేది. నన్ను చంకనేసుకుని ఎండలో మధ్యాహ్నం దాకా కూర్చున్న రోజులున్నాయంట.

మహాడ్ మునిసిపాలిటీ ఆ చెరువు అందరిదీ అని 1924లోనే తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న వేలమంది కలిసి నడిస్తే గానీ ఆ నీళ్లు మనవాళ్ల నోటికి అందలేదు. తాగినందుకు దెబ్బలు తిన్నారు. ఆ తర్వాత పెద్దకులాలవాళ్లు ఆవు పేడ, మూత్రం కలిపిన 108 కుండలతో చెరువుకు శుద్ధి చేశారంట! ఆ నీళ్ల మీద మనవాళ్లకూ హక్కుందని హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన బరోడా గురించి స్వయంగా రాసుకున్నది తీసి చదివాను. 1917లో అమెరికా, లండన్ చదువులు చదివొచ్చిన మనిషికి అక్కడ ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. పదకొండో రోజు పొద్దున పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారు. పేరు మార్చి రాయించారన్న చోట నేను ఆగిపోయాను.

జూన్‌లో హైదరాబాద్‌లో నీ ఇంటి ఓనరమ్మ "మీరేమిట్లు?" అని అడిగితే నేను వేరే కులం పేరు చెప్పాను. నువ్వు పక్కనే ఉండి, తల వంచుకుని చెప్పు కొసతో గచ్చు గీస్తూ నిలబడ్డావు. బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు. నీకు ఇల్లు దొరికితే చాలు అనుకున్నాను తల్లీ. తప్పు చేశాను. అవ్వ నా చేత ఏనాడూ అలా చెప్పించలేదు.

సంక్రాంతి అయ్యాక నీతోపాటే వస్తాను. నువ్వు సరేనంటే ఆమెకు నేనే నిజం చెప్తాను. నువ్వు వద్దంటే ఊరుకుంటాను, అక్కడ ఉండేది నువ్వు కదా. ఖాళీ చేయమంటే ఇంకో ఇల్లు చూద్దాం. రెండు నెలల అడ్వాన్సు డబ్బు తీసి పెట్టాను, దానికి టెన్షన్ పడొద్దు.

వచ్చేటప్పుడు నీ ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఆ నీళ్లు తాగే బొమ్మ ఇంకోసారి చూపించమని అవ్వ రోజూ అడుగుతోంది.

మీ నాయన