బరువు చూసి రాయి

పర్లాకిమిడి,
కార్తీక సోమవారం.

చిరంజీవి బుజ్జమ్మకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. నాన్న బీపీ మాత్ర మళ్ళీ మార్చేరు, పొద్దున్న ఒకటి, రాత్రి సగం. పెరట్లో ఉసిరి ఈ ఏడు విరగ కాసింది. చవితినాటి చిమ్మిలి నీ వాటా స్టీలు డబ్బాలో దాచేను. పండు వాళ్ళాయన డిసెంబరులో మీ ఒహాయో వైపు వస్తున్నాడట, అతని చేతికి ఇస్తాను. నువ్వు ఫోను చేసి ముప్పైనాలుగు రోజులైంది. దసరానాడు చేసేవు, అదీ మూడు నిమిషాలు. పనుల్లో ఉంటావని తెలుసు. అందుకే తీరిగ్గా చదువుకుంటావని కాగితం మీద రాస్తున్నాను. నాన్న ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతారు.

మొన్న టెక్కలిలో చిన్నత్త మనవడి బారసాలకి వెళ్ళేం. పాతపట్నం దాటేక రోడ్డు గోతులే, బస్సులో నాన్నకి నడుం పట్టేసింది. అక్కడ చిన్నత్త ఫోను పట్టుకుని "మా మేనకోడలి గది చూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించింది. బాబి మీ ఇంటికి వచ్చినప్పుడు తీసిన ఫోటోలట. గోడ వారన సొరుగుల అర, ఒక్కో సొరుగులో ఒక్కో పాము. "ఉద్యోగం మానేసి పాముల్ని పెంచి అమ్ముకుంటోందట" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో రాయను. పిల్లాడి మీద అక్షింతలు వేసి, భోజనాలకి కూర్చోకుండా వచ్చేసేను.

పాముల సంగతి నాకు బెంగ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని. పాము పాలు తాగదని బల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పేను, చవితికి పుట్టలో పాలూ పోసేను, ఈ ఏడూ పోసేను, నీ పేరు చెప్పి. నువ్వు పెంచే కార్న్ స్నేక్‌కి విషం లేదని, ఫ్లోరిడా, జార్జియా, కరోలినాల వైపు ధాన్యపు కొట్టాల చుట్టూ ఎలకల్ని తిని బతుకుతుందని నాన్న ఆ రాత్రే చదివి చెప్పేరు. పొట్ట మీద గళ్ళు మొక్కజొన్న గింజల్లా ఉంటాయిట. ఉదయగిరి కొండల నుంచి దిగే కండెలు నిప్పుల మీద కాల్చుకు తింటూ పెరిగినదానివి, ఆ పేరే నీకు నచ్చిందేమో అనుకున్నాను.

ఫోటోలన్నీ నాన్న తన ఫోనుకి తెప్పించుకున్నారు. అందులో ఒకటి నీ గోడమీద తెల్లబోర్డుది. వచ్చే వేసంగికి ఏ మగదానికి ఏ ఆడది అని నాలుగు జతలు, ఒక్కోదాని కింద పుట్టిన సంవత్సరం, గ్రాములు. నీ అక్షరమే. ఏడు అంకె నడుముకి అడ్డగీత చిన్నప్పటి నుంచీ నీకు అలవాటు. దాన్ని పెద్దది చేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. తప్పుగా అనుకోకు. ఇన్నాళ్ళకి నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినట్టు అనిపించింది.

మొదటి జత చూసేను. రెండూ చూపుకి మామూలు రంగువే, కానీ రెండింటిలోనూ అమెల్, అనరీ గుణాలు దాగి ఉన్నాయని రాసేవు. నలుపు లేకుండా పుడితే అమెల్, ఎరుపు లేకుండా పుడితే అనరీ, ఒకే పిల్లలో రెండూ బయటపడితే తెల్లటి స్నో. అంతవరకు సరే. పక్కన "స్నో 4" అని ఎలా రాసేవే? మెండెల్ 1866లో బఠానీ మొక్కల మీద అచ్చు వేయించిన లెక్కే ఇది. ఈ పాముల్లో కూడా అల్బినో గుణం ఆ లెక్కనే నడుస్తుందని బెక్టెల్ దంపతులు 1962లోనే రాసేరట. పదహారు గళ్ళ పట్టిక గీసుకో. 9 మామూలువి, 3 అమెల్, 3 అనరీ, 1 స్నో. పదిహేను గుడ్లు పెట్టిందనుకో, ఒక్క స్నో కూడా రాకపోవడానికి నూటికి 38 పాళ్ళు అవకాశం ఉంది. కాలిక్యులేటర్‌లో పదిహేనుసార్లు గుణించి చూసేను. అదే, రెండో సొరుగులో ఉన్న స్నో మగదాన్ని ఈ జతలోని ఆడదానికి వదిలితే నాలుగింటికి ఒకటి స్నో, ఒక్కటీ రాకపోవడం నూటికి ఒక పాలు. దాన్ని ఊరికే ఎందుకు వదిలేసేవు? ఇంకో మాట. మొదటి జతకి మామూలు రంగులో పుట్టిన పిల్లల్లో మూడింట రెండు అమెల్ గుణం మోస్తాయి, ఏ రెండో చూసి చెప్పలేం. హెట్ అంటే లోపల గుణం మోసేది, అందుకే 66 శాతం హెట్ అని రాసి అమ్ముతారట. నువ్వూ అలాగే రాసి ఇవ్వు. నూరు శాతం అని మాత్రం రాయకు.

పాఠం మొదలెట్టేసేనని నవ్వుకుంటున్నావేమో. నవ్వుకున్నా పర్లేదు. కానీ ఆ "4" దగ్గర నా మనసు ఆగిపోయింది. లెక్క రాని పిల్లవి కాదు. డబ్బు అవసరమై, వస్తే బాగుండునని రాసుకున్నావా? జీతం వస్తోందా బుజ్జీ? రాకపోతే రాకపోయింది. నాన్న రిటైరైన డబ్బు పోస్టాఫీసులో కదపకుండా ఉంది.

మూడో జతలో ఆడది 2023లో పుట్టింది, 265 గ్రాములు. ఇది మాత్రం వద్దు. మూడేళ్ళు నిండాలి, 300 గ్రాములు దాటాలి, మూడడుగులు పెరగాలి, అప్పుడే జతకి వదలాలని పెంచేవాళ్ళందరూ అనుకునే మాటట. చిన్నదానికి గుడ్డు లోపల అడ్డం పడితే రాదు, తల్లే పోవచ్చు. మా అమ్మకి పదిహేనో ఏట పెళ్ళి, పదహారో ఏట పెద్దమామయ్య. ఆ కాన్పు తర్వాత ఆవిడ నడుం మళ్ళీ నిలవలేదు, పప్పు రుబ్బాలంటే గోడ పట్టుకునేది. నువ్వు చూసేవు. ఈ ఏడుకి దాన్ని తినిపించి వదిలెయ్యి. రంగు ఎక్కడికీ పోదు.

మిగతావాటిని చలికి పెట్టేముందు రెండు వారాలు తిండి ఆపు. ఎలక అరక్కుండా చల్లబెడితే లోపలే కుళ్ళి పాము పోతుంది. 10–15 డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు పడుకోవాలి కదా, నీళ్ళగిన్నె మాత్రం ఎప్పుడూ ఉంచు. లేచేక బాగా తినిపించి, కుబుసం విడిచేకే జతకి వదులు. నీకు తెలుసులే. అన్నట్టు, అదే ఫోటోలో బోర్డు పక్కన అద్దంలో నీ భుజం పడింది. ఆ నీలం చొక్కా నేను కొన్నదే, అప్పుడు నిండుగా ఉండేది. ఇప్పుడు హ్యాంగరుకి వేలాడినట్టుంది.

గుడ్ల విషయంలో ఒకటి చెప్పాలి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదకొండో ఏడు. తాతగారి కళ్ళంలో పెంటపోగు తవ్వుతుంటే పాలేరు పారకి మెత్తగా ఏదో తగిలింది. తెల్లటి గుడ్లు, కోడిగుడ్డు కంటే సన్నం, పెంకు బదులు తోలు. పదమూడు. అంతకుముందు అక్కడ జెర్రిపోతుని చూసేనని, దానివేనని అతను చెప్పి పార ఎత్తేడు. తాతగారు ఆపేరు. జెర్రిపోతు తిరిగే కళ్ళంలో ఎలక నిలవదు, ధాన్యానికి అదే కాపలా అన్నారు. నేను ఏడ్చి, బతిమాలి, ఆ గుడ్లు తెచ్చుకున్నాను. నోరు విరిగిన అటికలో తడి ఊక పోసి, అందులో సర్ది, వంటింటి వెనక గోడ వారన పెట్టేను. ఏడు గుడ్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయి, ఆరు విడిగా. ఇంట్లో కోడి పొదుగుతున్నప్పుడు ముక్కుతో గుడ్లు దొర్లించడం చూసిన దాన్ని కదా, నేనూ పొద్దున్న, సాయంత్రం ఆ ఆరింటినీ తిప్పేదాన్ని. ముద్దని తిప్పడం కుదరక అలాగే ఉంచేసేను. వేళ తప్పితే ఎక్కడ చల్లబడిపోతాయో అని అమ్మ అన్నానికి పిలిచినా కదిలేదాన్ని కాదు.

కొన్నాళ్ళకి ఆ ఆరూ సొట్టలు పడి, పసుపు తిరిగి, బూజు పట్టేయి. ముద్దలో ఉన్నవి మాత్రం బిగువుగా ఉబ్బుతూ వచ్చేయి. వానలు పడ్డాక ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పైగుడ్డు మీద బ్లేడుతో కోసినట్టు గీత, ఆ గీతలోంచి గోరంత మూతి. పక్కన చిన్న నీటి బుడగ, అది ఊపిరికి కదులుతోంది. బయటికి మాత్రం రాదు. లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. పాపం ఇరుక్కుపోయిందని చీపురుపుల్లతో ఆ గీత కాస్త చీల్చబోయేను, తాతగారు నా మణికట్టు పట్టుకున్నారు. లోపల సొన ఇంకా పొట్టలోకి లాక్కుంటోంది, దాని వేళకి అదే వస్తుంది అన్నారు. మర్నాడు మధ్యాహ్నం దాటేక జారి వచ్చింది, తడి తాడు ముక్కలా. అలా ఐదు. తాతగారు చేటలో పెట్టి తీసుకెళ్ళి కళ్ళం గట్టు మీద వదిలేరు.

నేను తిప్పిన ఆ ఆరు ఎందుకు పోయేయో నాకు బి.ఎస్సీ. దాకా తెలీదు. పాముగుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పై గోడకి అంటుకుంటుంది, ఆ తర్వాత తిప్పితే బతకకపోవచ్చు. ఆ పేజీ చదివిన రోజు హాస్టల్లో అన్నం ముట్టలేదు. అందుకని చెప్తున్నాను, పెట్టెలోంచి గుడ్లు తీసేటప్పుడు ప్రతిదాని నెత్తి మీదా పెన్సిలుతో చుక్క పెట్టు. ఆ చుక్క పైకే ఉండాలి. అతుక్కున్నవాటిని విడదియ్యకు. 27–29 డిగ్రీలు, ఇంచుమించు అరవై రోజులు. మూతి పెట్టి చూస్తుంటే తొందరపడకు.

నాలుగో జత గురించి కూడా రాయాలి. సన్‌కిస్డ్ అనే రకం అని ఉంది. ఆ వంశాల్లో స్టార్‌గేజర్ అనే జబ్బు ఉందట. రెండు వైపుల నుంచీ ఆ గుణం వస్తే పిల్లకి తల నిలవదు, పైకి చూస్తూ మెలికలు తిరుగుతుంది, వెల్లకిలా పడితే లేవలేదు. పైగా నువ్వు రాసిన జత ఒకే ఈతవి, అన్నాచెల్లెళ్ళు. నీకు అమ్మినవాళ్ళు పరీక్షకి జతకట్టి చూసేరా లేదా అడుగు. మేనరికాలు వద్దని నేను ఇంట్లో ఎంత పోట్లాడేనో నీకు గుర్తుంది. పెదనాన్నగారి రెండోవాడిని చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కొండల మీద నుంచి వచ్చే నా బడి పిల్లల్లో సికిల్ సెల్ ఎంతమందిని పీడించిందో కూడా నీకు తెలుసు, ఎముకల నొప్పులతో బెంచీ మీద ముడుచుకునేవారు. 2023లో ఆ జబ్బు కోసం దేశమంతా మిషన్ మొదలైందని విన్నప్పుడు నాకు వాళ్ళ ముఖాలే కనిపించేయి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ గుణం మోస్తూ నిక్షేపంగా తిరుగుతారు, పుట్టేవాళ్ళలో నాలుగింటికి ఒకరికి వస్తుంది. నువ్వు తెలిసి తెలిసి అలాంటి పిల్లని పుట్టించకూడదు. పామైనా సరే.

ఇంక పని మాట. నాలుగు జతలకి తలా పదిహేను అనుకున్నా అరవై పిల్లలు. ఒకదాన్ని ఒకటి తినెయ్యకుండా అరవై డబ్బాలు విడివిడిగా. మొదటి కుబుసం విడిచేక కళ్ళు తెరవని ఎలకపిల్ల, వారానికొకటి. కొన్ని మూతి తిప్పుకుంటాయి, వాటిని బుజ్జగించాలి. ఉద్యోగం ఉన్న మనిషి రాత్రిళ్ళు ఎప్పుడు పడుకుంటుంది? ఉద్యోగం లేకపోతే, పగలంతా ఆ గదిలో ఒక్కదానివీ ఉంటున్నావా? ఎవరితోనైనా మాట్లాడుతున్నావా? ఈ రెండింటిలో ఏది నిజమో తెలీక నేను రెండింటికీ బెంగపడుతున్నాను. రెండు జతలతో మొదలుపెట్టు. మొదటిది స్నో మగదానితో. అవి బాగా పెరిగితే మీదటేడు చూసుకోవచ్చు.

నాన్న నీతో ఏమీ అనొద్దన్నారు. "దానికి ఇష్టమైన పని, చెయ్యనీ" అన్నారు. కానీ రాత్రి లేచి చూస్తే హాల్లో లైటు వేసుకుని ఒహాయోలో ఎన్ని డిగ్రీలుందో ఫోన్లో చూస్తున్నారు. గదికి హీటరు సరిగ్గా పనిచేస్తోందా అని నిన్ను అడగమన్నారు. పాములకి కాదు, నీకు.

మీరు గడియారాలు వెనక్కి తిప్పుకున్నారు కాబట్టి, మీ శనివారం రాత్రి ఎనిమిదంటే మాకు ఆదివారం పొద్దున్న ఆరున్నర. అప్పటికి ఇద్దరం కాఫీలు తాగేసి ఫోను దగ్గరే ఉంటాం. ఉద్యోగం గురించి చెప్పడానికి నోరు రాకపోతే పాముల గురించే మాట్లాడు, వింటాం. ఆ 265 గ్రాముల దాన్ని తూచే త్రాసు మీద నువ్వు ఎక్కలేవు, వేరేది కొనుక్కో. ఆదివారానికల్లా రెండు బరువులూ చూసి రాయి, దానిదీ నీదీ.

రాత్రిళ్ళు తల తడి ఆరకుండా పడుకోకు. ఉసిరికాయ ఊరగాయ కూడా పండు వాళ్ళాయన చేతే పంపుతున్నాను, నూనె కారకుండా మూడు కవర్లు కట్టేను.

మీ అమ్మ