తుంటిలో ఏం పెట్టారో చెప్పే కాగితం ఏది?

సంపాదకులకు,

అయ్యా,

మా అమ్మకు 73 ఏళ్లు. 2017లో మేడమెట్ల మీద కాలు జారి తుంటి విరిగితే, తుంటి మార్పిడి ఆపరేషన్ చేశారు. మూడో నెలకల్లా చేతికర్ర పక్కన పడేసింది. ఆ తర్వాత ఆ కాలి సంగతే ఇంట్లో అందరం మరిచిపోయాం.

ఏడేళ్లకు నొప్పి మొదలైంది. కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు తొడలో పోటు పొడిచినట్టుంటుందని, కాస్త నడిస్తే సర్దుకుంటుందని అనేది. చలికాలం కదా అన్నాం. చూపిస్తే వయసు నొప్పులన్నారు, మాత్రలు రాశారు. మోకాలు కూడా లాగుతోందంటే మోకాలికే ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ లేదు, ఉండదు కూడా. కొత్త కీలును నిలబెట్టడానికి తొడ ఎముకలో దిగేసిన రాడ్ పట్టు వదులుతున్నప్పుడు వచ్చే నొప్పి చాలామందిలో ఇలాగే లేవగానే మొదలవుతుందట, తుంటిలో తేడా మోకాలి నొప్పిగా బయటపడటమూ మామూలేనట. రాడ్ కొన దాకా కనిపించేలా తొడ మొత్తానికి ఎక్స్‌రే తీసి, పాతదాని పక్కన పెట్టి చూడాలని మాకు చెప్పినవాళ్లు లేరు.

సంక్రాంతికి ముందు బాత్రూమ్ గడప దగ్గర అమ్మ కూలబడింది. గట్టిగా పడ్డది కూడా కాదు. రాడ్ కొన దగ్గర తొడ ఎముక విరిగింది.

వేలూరుకా, తిరుపతికా అని మేం తేల్చుకునేలోపే చుట్టాలు పుత్తూరు పేరెత్తారు. పుత్తూరు కట్టు మీద మా వైపు జనానికున్న గురి తెలిసిందే. చిన్నప్పుడు నా చెయ్యి విరిగితే కట్టు కట్టించింది అక్కడే, ఆ కోడిగుడ్డు సొన, ఆకుపసరు వాసన నాకింకా గుర్తే. కానీ లోపల ఇనుము ఉన్న ఎముక సంగతి వేరు. విరిగినచోట రాడ్ గట్టిగా ఉందా, కదిలిందా అన్నది పైనుంచి కట్టే కట్టుకు ఎలా తెలుస్తుంది? పెద్దమామ ఇప్పటికీ నా మీద అలిగే ఉన్నాడు.

తిరుపతిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి మాట: "లోపల ఏ కంపెనీది పెట్టారు? ఏ సైజు?" మా దగ్గరున్నది ఒకే ఒక్క డిశ్చార్జి కాగితం. అందులో కుడి తుంటి మార్చినట్టు ఒక వరుస, కింద మాత్రల పేర్లు. పాత ఎక్స్‌రే ఫిల్ము లేదు. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం చూడటానికి మా పిల్లలే దాన్ని ముక్కలు చేశారు. (అలా చూడకూడదని కూడా ఆ తర్వాతే తెలిసింది.) మొదట ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్తే, అన్నేళ్ల కిందటి ఫైళ్లు ఉండవని చెప్పి పంపేశారు.

ఆ వివరం దేనికంటే, రాడ్ గట్టిగా ఉంటే దాన్ని కదపకుండా విరిగినచోట ప్లేటు, తీగలు, స్క్రూలతో బిగిస్తారు. వదులైపోయి ఉంటే పాతది తీసేసి, విరిగినచోటు దాటి కిందికి దిగే పొడవాటి రాడ్ వేయాలి. పాతది తీయడానికి కొన్ని రకాలకు ఆ కంపెనీ పనిముట్లే కావాలి. రాడ్ పైన కీలులో తిరిగే బంతి ఒక్కటే మార్చాలన్నా కొత్త బంతి పాత రాడ్ మెడకు సరిగ్గా కూర్చోవాలి. ఏదీ తెలియకపోవడంతో డాక్టరుగారు అన్నిటికీ సిద్ధపడి సామాను తెప్పించాల్సి వచ్చింది. అది వచ్చేదాకా నాలుగు రోజులు అమ్మ కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఆ నాలుగు రోజులూ రాత్రిళ్లు ఆమె మూలిగిన మూలుగే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

నిబంధన ప్రకారం చూస్తే ఆ పాత ఆస్పత్రిని తప్పుపట్టలేను. 2002 నాటి వైద్య మండలి నియమావళి ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాస్తే చాలంటుంది. ఇక తుంటి కీలు? మార్చిన వంద తుంటి కీళ్లలో 58 దాకా 25 ఏళ్లు పనిచేస్తాయని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పాతికేళ్లు ఒంట్లో ఉండే వస్తువుకు మూడేళ్ల ఫైలు! మా ఇంట్లో మిక్సీ వారంటీ కార్డు ఇంతకంటే భద్రంగా ఉంది.

దీనివల్ల ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది కూడా. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను (లోపల పెట్టే కృత్రిమ కీళ్లను) త్వరగా పాడవుతున్నాయని 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలో వాటితో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగితే, దాదాపు 3,600 మంది ఆచూకీ దొరకలేదని కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో చెప్పింది. పరిహారం ఇస్తామన్నా తీసుకోవాల్సిన మనిషి ఎక్కడున్నాడో తెలియని పరిస్థితి. స్వీడన్ 1979 నుంచే మార్చిన ప్రతి తుంటినీ లెక్క రాసి పెడుతోంది. సిమెంటు లేకుండా బిగించే రాడ్లతో వృద్ధుల్లో తొడ ఎముక విరగడం ఎక్కువని తెలిసింది అలాంటి దేశాల లెక్కల వల్లే. మన దగ్గర కీళ్ల మార్పిడి సర్జన్ల సంఘానికి అలాంటి లెక్కలు రాసే రిజిస్ట్రీ ఉంది కానీ, అందులో రాయడం డాక్టర్ల ఇష్టం.

ఇంప్లాంట్ డబ్బాలోనే కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. కేస్‌షీట్‌కు ఒకటి అంటిస్తారు. రెండోది రోగి చేతికిచ్చే కార్డు మీద అంటించడానికి పైసా ఖర్చు లేదు. దాని కింద తెలుగులో రెండు ముక్కలు రాయాలి: ఎన్నేళ్లకైనా తొడలో కొత్తగా నొప్పి వస్తే మాత్రలతో సరిపెట్టుకోకుండా తొడ మొత్తానికి ఎక్స్‌రే తీయించుకోండి అని, పాత ఎక్స్‌రేలు పారేయొద్దు అని. ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగే ఆపరేషన్లకైనా ప్రభుత్వం ముందు దీన్ని తప్పనిసరి చేయాలి. మా చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్యాధికారులు ఆ ఉత్తర్వు కోసం ఆగకుండా అన్ని ఆస్పత్రులకూ చెప్పి మొదలుపెట్టించవచ్చు. ఇక ఇంప్లాంట్ పెట్టినవాళ్ల రికార్డులకు మూడేళ్ల గడువు మార్చాల్సింది ఢిల్లీలో.

ఇంకొకటి. మెట్ల మీద జారితేనే తుంటి విరిగిందంటే ఆ ఎముక అప్పటికే గుల్లబారి ఉండాలి. విరిగినదాన్ని మార్చారు గానీ, మిగతా ఎముకల బలం ఎంతో పరీక్ష చేయలేదు, మందూ ఇవ్వలేదు. అడగాలని మాకూ తెలియదు. రెండో ఆపరేషన్ తర్వాతే, ఎముకల బలం కొలిచే డెక్సా పరీక్ష అన్న మాట విన్నాం.

ఇప్పుడు అమ్మ వాకర్ పట్టుకుని వసారా దాకా వస్తోంది. ఈసారి ఆపరేషన్ రోజే స్టిక్కర్లు అడిగి తీసుకున్నాను. జిరాక్సు ఒకటి నా దగ్గర, ఒకటి బెంగళూరులో తమ్ముడి దగ్గర ఉన్నాయి. అసలుది అమ్మ తన పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు