సంతకానికి ముందు ఒక్క కాగితం

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

మా బావగారు స్పిన్నింగ్ మిల్లు ఉద్యోగంలో ఉండగానే పోయారు. అప్పటికి అక్కకు 52 ఏళ్ళు. ఆవిడ కూడా మిల్లులో పద్దెనిమిదేళ్ళు చేసి, ఆయన మంచాన పడ్డాక మానేసింది. పెద్దకర్మ అయిన వారానికి ఇద్దరి పీఎఫ్ కాగితాలూ సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాం.

పీఎఫ్ ఖాతాదారులకు వర్తించే ఉద్యోగుల పింఛను పథకం, ఈపీఎస్-95 కింద భార్యకు రావలసిన వితంతు పింఛను భర్త పోయిన మర్నాటి నుంచే లెక్కకు వస్తుంది. ఉద్యోగంలో ఉండగా పోయినవారికి ఒక్క నెల చందా జమయి ఉన్నా చాలు, అడగడంలో ఆలస్యం చేస్తే పెరిగేదేమీ లేదు. ఆవిడ సొంత పింఛను సంగతి వేరు. అది పూర్తిగా వచ్చేది 58 ఏళ్ళకు. పని మానేసినవారు 50 నిండాక ఎప్పుడైనా అడగవచ్చు గానీ, ముందుకు జరిపిన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున పడే కోత జీవితాంతం ఉంటుంది. 60 దాకా ఆగితే అదే లెక్కన పెరుగుతుంది. ఒకటి తీసుకుంటే రెండోది పోదు కనుక, వితంతు పింఛనుతో, పిల్లల ఆసరాతో నెట్టుకురాగలిగిన మనిషి తన పింఛను జోలికి వెళ్ళకుండా ఆగవచ్చు. పూట గడవని ఇంట్లో, లేదా ఆరోగ్యం బాగాలేనప్పుడు కోతతోనైనా తీసుకోవడమే మేలు కావచ్చు.

ఈ మాట మాకెవరూ చెప్పలేదు. రెండింటికీ ఫారమ్ ఒకటే, 10-డి. "ఎలాగూ వచ్చారు కదమ్మా, రెండూ పెట్టేయండి, మళ్ళీ తిరగక్కర్లేదు" అన్నారు కౌంటరులోని ఉద్యోగి. ఆయనది దురుద్దేశమని నేననను. తగ్గింపు పింఛను ఏ తేదీ నుంచి కావాలో అడిగే గడిలో ఆయనే ఆనాటి తేదీ వేశారు. అక్క దానిమీద వేలు పెట్టి "ఇదేంటి బాబూ?" అంటే, "ఏం లేదమ్మా, తేదీ" అన్నారు. ఆ తేదీతో ఆరేళ్ళ కోత పడింది.

కనీస పింఛను 2014 నుంచి 1,000 రూపాయల దగ్గరే ఆగిపోయిన సంగతి మరో లేఖకు సరిపడా ఉంది. ఇప్పుడు కోరేది చిన్నది. భర్తనో భార్యనో పోగొట్టుకుని వచ్చినవారి చేత సొంత పింఛను దరఖాస్తు మీద సంతకం పెట్టించే ముందు, ఇప్పుడైతే ఎంత, 58కి ఎంత, 60కి ఎంత అన్న మూడు అంకెలు తెలుగులో అచ్చువేసిన కాగితం చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించుకోనివ్వాలి. తొందరలో సంతకం చేసినవారికి మొదటి నెలల్లోనైనా, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టి, దరఖాస్తు వెనక్కి తీసుకునే వీలు కల్పించాలి.

ఇట్లు,
ఒక పింఛనుదారు చెల్లెలు,
గుంటూరు