ఆ 118–110కి లెక్క చెప్పండి

నెవాడా స్టేట్ అథ్లెటిక్ కమిషన్ ఛైర్మన్ గారికి,

2017 సెప్టెంబర్ 16న లాస్ వేగాస్‌లో జరిగిన గోలోవ్‌కిన్–కనెలో బాక్సింగ్ పోటీ గురించి రాస్తున్నాను. ఫలితం డ్రా. అంతవరకైతే ఎలాగో సర్దుకుపోయేవాళ్లం. కానీ జడ్జి అడలేడ్ బర్డ్ కార్డులో కనెలోకి 118, గోలోవ్‌కిన్‌కి 110! పన్నెండు రౌండ్లలో అతనికి దక్కినవి రెండే. అదే రింగ్ పక్కన కూర్చున్న డేవ్ మొరెట్టి మాత్రం 115–113తో గోలోవ్‌కిన్‌నే గెలిపించారు. మూడో జడ్జి కార్డు 114–114.

ఐదో రౌండ్ మళ్లీ ఒకసారి చూడండి. కనెలో తాళ్లకు ఆనుకుని ఉండగా గోలోవ్‌కిన్ కుడి చేత్తో గట్టిగా కొట్టాడు. ఏమీ కాలేదన్నట్టు కనెలో తల అడ్డంగా ఊపాడు. కానీ దెబ్బ దెబ్బే కదా! పంచ్‌లు లెక్కగట్టే కంప్యూబాక్స్ సంస్థ లెక్కలో గోలోవ్‌కిన్‌వి 218 పంచ్‌లు, కనెలోవి 169. పంచ్‌ల సంఖ్యే సర్వస్వం కాదని తెలుసు. అయినా పది రౌండ్లు ఎలా పోయాయి?

మీ రాష్ట్రంలో ఇది మొదటిసారీ కాదు. 2012లో పక్యావ్ మీద బ్రాడ్లీని గెలిపించి విమర్శల పాలైన జడ్జిల్లో ఒకరైన సీజే రాస్, మరుసటి ఏడాది మేవెదర్ గెలిచిన మేవెదర్–కనెలో పోటీని 114–114 అన్నారు. అంత పెద్ద పోటీ ఆమెకు మళ్లీ ఎందుకిచ్చారు?

గోలోవ్‌కిన్‌కి అప్పటికే 35 ఏళ్లు. ఏడాది తర్వాత రీమ్యాచ్‌లో ఓడి బెల్టులు పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి గెలుపు అతనికి ఇక ఎవరూ ఇవ్వలేరు.

మేం అడిగేది ఒక్కటే. స్కోరు మిగతా ఇద్దరికీ ఇంత దూరంగా ఉంటే, ఆ జడ్జి ఏ రౌండ్ ఎవరికి, ఎందుకిచ్చారో వారంలోగా రాతపూర్వకంగా బయటపెట్టించండి. అప్పటిదాకా టైటిల్ పోటీలు అప్పగించకండి.

ఇట్లు,
ఒక బాక్సింగ్ అభిమాని