రూన్‌స్కేప్ వ్యాసంపై ఏడాది పని: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వికీపీడియాలో కనబడిన ప్రతి మొలకలోనూ (రెండు మూడు వాక్యాలతో ఆగిపోయిన వ్యాసంలోనూ) నాలుగు వాక్యాలు చేర్చి వదిలేయకుండా, ఒక్క వ్యాసాన్ని పట్టుకుని చివరిదాకా నిలబెడదామని గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. చాలాసేపు చర్చించాక తెలుగు వికీపీడియాలో రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట గురించిన వ్యాసాన్ని ఎంచుకున్నాం. ఆన్‌లైన్ ఆట మీద అంత శ్రమ అవసరమా అని కొందరు పెద్దలు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం ఏడాది పనిలోనే దొరికిందని నా నమ్మకం. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఆ వ్యాసం గురించే రాస్తున్నాను.

ఈ ఆటనే ఎంచుకోవడానికి మొదటి కారణం మన సభ్యులే. మనలో కొందరు చదువుకునే రోజుల్లో నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి దీన్ని ఆడారు. జావా మీద నడిచే ఆట కాబట్టి సీడీ కొనక్కర్లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. బ్రౌజర్ తెరిస్తే చాలు, పాత కంప్యూటర్లో కూడా ఆడేది. రెండో కారణం ఇంకా బలమైనది. ఈ ఆట చుట్టూ పాతికేళ్లుగా జరిగినవన్నీ వార్తల్లోకి, కోర్టు తీర్పుల్లోకి ఎక్కాయి. మూలాలు దొరుకుతాయి. మూలాలు దొరకని విషయం మీద ఎంత ఇష్టం ఉన్నా విజ్ఞానసర్వస్వ వ్యాసం నిలవదు.

మొదలుపెట్టినప్పుడు ఉన్న వ్యాసాన్ని ఎవరో ఆటగాళ్లు ప్రేమగానే రాశారు. ఏ స్థాయిలో ఏ కత్తి పట్టాలి, ఆవుతోళ్లు ఎక్కడ సంపాదించాలి, వాటిని ఎక్కడ అమ్మితే లాభం, ఇదీ అందులోని సరుకు. ఆడేవాళ్లకు బాగా పనికొస్తుంది. ఆట పేరే వినని చదువరికి మాత్రం ఇది ఏమిటి, ఎవరు చేశారు, ఎందుకు తెలుసుకోవాలి అన్నవేవీ తెలియవు. అందుకే వ్యాసం బాగోగులు మాట్లాడుకునే చర్చా పేజీలో ముందుగా ఒక సూత్రం రాసుకున్నాం: ఆట ఎన్నడూ ఆడనివారికి అక్కర్లేని వాక్యం వ్యాసంలో ఉండకూడదు. ఆడే మెళకువలకు వేరే చోటు ఉంది. ఆటగాళ్లే నడుపుకునే రూన్‌స్కేప్ వికీ 2018 అక్టోబరులో ఫ్యాండమ్ అనే వికీలకు చోటిచ్చే సైటును వదిలి సొంత సర్వర్లకు మారి బాగా నడుస్తోంది. ఆ పని మనం మళ్లీ చేయక్కర్లేదు.

కోత ఎలా సాగిందో ఒక ఉదాహరణ. కొత్తగా చేరినవారికి మొదట ఎదురయ్యే సాహసాల్లో ఒకటి ఆటలోని లంబ్రిడ్జ్ కోటలో వంటవాడిది. డ్యూక్ పుట్టినరోజుకు కేకు చేయాలి, గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమని బతిమాలతాడు. పాత వ్యాసంలో గోధుమలు ఏ పొలంలో కోయాలి, మర పైఅంతస్తులో ఎక్కడ పోయాలి, మీట నొక్కాక కిందికి దిగి పిండి ఎలా పట్టుకోవాలి అని ఒక పేరా అంతా ఉండేది. అది తీసేసి, ఈ ఆటలో సాహసమంటే రాక్షసుణ్ణి చంపడమే కాదు, వంటవాడికి గుడ్డు తెచ్చివ్వడం కూడా అని తెలిసేలా ఒక్క వాక్యం ఉంచాం. ఆ వాక్యం దగ్గర ఆట స్వభావం తెలుస్తుంది. మరలో మీట ఎటువైపుందో తెలియకపోయినా చదువరికి వచ్చే నష్టమేమీ లేదు.

చేపలు పట్టడం, కట్టెలు కొట్టడం లాంటి ఆటలోని నైపుణ్యాల పట్టిక కూడా తీసేశాం. అయితే అందులోంచి ఒక లెక్కను కాపాడుకున్నాం. దాదాపు అన్ని నైపుణ్యాల్లోనూ 99వ స్థాయికి 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. స్థాయి పెరిగేకొద్దీ తర్వాతి మెట్టు ఎత్తు పెరుగుతుంది కనుక 92వ స్థాయికి చేరిన ఆటగాడు సగం దారిలోనే ఉన్నట్టు. ఈ లెక్క తెలిస్తే తప్ప జనం నిజమైన డబ్బిచ్చి ఆటలోని బంగారం ఎందుకు కొంటారో, ఆ కొనుగోళ్లను ఆపాలని సంస్థ ఎందుకంత తంటాలు పడిందో అర్థం కాదు.

చరిత్ర విభాగానికి మూలాలు సులువుగానే కుదిరాయి. ఆండ్రూ గోవర్, తమ్ముడు పాల్‌తో కలిసి ఇంగ్లండులో నాటింగ్‌హమ్‌లోని తల్లిదండ్రుల ఇంటి నుంచి ఆటను నడిపాడు. 2001 జనవరి 4న విడుదలైంది. అదే ఏడాది చివర్లో కాన్‌స్టంట్ టెడర్‌తో కలిసి జాగెక్స్ సంస్థ పెట్టారు. 2004 మార్చిలో రెండో రూపం, 2013 జూలైలో మూడో రూపం వచ్చాయి. మొదటి రూపాన్ని క్లాసిక్ పేరుతో అట్టేపెట్టి, 2018 ఆగస్టులో మూసేశారు. సంస్థ యాజమాన్యం చాలాసార్లు చేతులు మారింది. 2016లో ఒక చైనా కంపెనీ, 2021లో కార్లైల్ గ్రూప్, 2024లో సీవీసీ క్యాపిటల్ పార్ట్‌నర్స్. ఈ విభాగం రాస్తున్నప్పుడే "ప్రస్తుతం", "ఇటీవల" అనే మాటలు వ్యాసమంతటా తీసేసి సంవత్సరాలు వేశాం. రాసిన ఏడాదికే పాతబడిపోయే వాక్యాలు మనకు వద్దు.

అసలు చర్చ 2007 డిసెంబరు దగ్గర మొదలైంది. దొంగ క్రెడిట్ కార్డులతో ఖాతాలు తెరిచి బంగారం అమ్ముకునేవారిని అడ్డుకోవడానికి జాగెక్స్ ఆ నెలలో ఆటలోని వైల్డర్‌నెస్ ప్రాంతంలో ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోరాడే వీలు తీసేసింది. ఆ వెంటనే, ఇచ్చిపుచ్చుకునే వస్తువుల విలువలు ఇంచుమించు సమానంగా ఉండాలని ఆంక్ష పెట్టింది. స్నేహితుడికి ఊరికే ఒక బహుమతి ఇవ్వాలన్నా కుదరని పరిస్థితి వచ్చింది. ఆటగాళ్లలో పెద్ద దుమారం రేగింది. ఓటింగు పెట్టి, 2011 ఫిబ్రవరి 1న రెండింటినీ తిరిగి తెచ్చారు. దీని మీద మన సభ్యుల్లోనే రెండు పక్షాలు. అప్పట్లో ఆట మానేసిన ఒకాయన "సంస్థ ఆటను చంపేసింది" అని రాశారు. మరొకాయన "ఆటను కాపాడుకోవడానికి తప్పనిసరై తీసుకున్న నిర్ణయం" అని మార్చారు. చర్చా పేజీలో మాటలు కాస్త వేడెక్కినా ఎవరూ హద్దు దాటలేదు, ఇద్దరికీ కృతజ్ఞతలు. చివరికి ఆ రెండు వాక్యాలూ పోయాయి. ఏం తీసేశారు, సంస్థ చెప్పిన కారణమేమిటి, ఆటగాళ్లు ఏమన్నారు, ఎప్పుడు తిరిగి వచ్చింది, ఇవి మాత్రం మూలాలతో నిలిచాయి. తటస్థ దృక్కోణం అంటే మెత్తగా రాయడం కాదు. దుమారాన్ని దుమారమనే రాశాం. ఎవరి పక్షమూ పట్టలేదు, అంతే.

ఆట పాత రూపమైన ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌కు వేరే వ్యాసం ఉండాలా అన్నది ఇంకో చర్చ. 2012 నవంబరులో పోరాట పద్ధతిని పూర్తిగా మార్చినప్పుడు పాతవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. 2007 ఆగస్టు నాటి ప్రతి ఒకటి సంస్థ దగ్గర భద్రంగా ఉందని తేలింది. ఓటింగు తర్వాత 2013 ఫిబ్రవరిలో దాన్నే విడిగా తెరిచారు. అప్పటినుంచి అందులో కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలి. మొదట్లో 75 శాతం, తర్వాత 70 శాతం అంగీకారం ఉంటేనే చేరుస్తారు. ఒక వాణిజ్య సంస్థ తన సరుకులో మార్పులకు వాడేవారి ఓటు అడగడం అరుదైన విషయం. ఈ విభాగానికి ఇంకా చోటివ్వాలని నా అభిప్రాయం. ఇప్పటికైతే ఒకే వ్యాసంలో ఉంచి, ఓల్డ్ స్కూల్ పేరుతో వెతికినా ఈ వ్యాసానికే వచ్చేలా దారిమార్పు పెట్టాం. విభాగం పెరిగాక విడదీయవచ్చు.

ఈ ఏడాది పనిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది నెదర్లాండ్స్ తీర్పు విభాగం. 2007లో లేవార్డెన్ పట్టణంలో ఇద్దరు కుర్రాళ్లు ఒక 13 ఏళ్ల అబ్బాయిని కొట్టి, కత్తి చూపి బెదిరించి, రూన్‌స్కేప్‌లో లాగిన్ చేయించి అతని తాయెత్తు, ముసుగు తమ ఖాతాకు మార్చుకున్నారు. కేసు ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అవి వస్తువులే కావు, కంప్యూటర్లో అంకెలు, వాటిని దొంగిలించడమేమిటని నిందితుడి తరఫు వాదన. ఆ అబ్బాయి కాలం, శ్రమ పెట్టి సంపాదించినవి, అతని ఒక్కడి చేతిలో ఉన్నవి, అతనికి విలువైనవి, కాబట్టి ఇది దొంగతనమేనని 2012 జనవరి 31న కోర్టు తేల్చింది.

మొదటి చిత్తుప్రతిలో "ఆటలో వస్తువులు దొంగిలిస్తే నేరం" అని ఉంది. విజయవాడలో న్యాయవాదిగా ఉన్న మన సభ్యురాలు ఆ వాక్యం దగ్గర ఆగారు. ఆట నియమాల ప్రకారం వైల్డర్‌నెస్‌లో ఒకరిని ఓడించి వారి సామాన్లు తీసుకుంటే నేరమవుతుందా అని అడిగారు. కాదు. ఇక్కడ దెబ్బలూ కత్తీ ఆట బయటివి. ఐండ్‌హోవెన్‌లో ఉంటున్న సభ్యుడు డచ్చి భాషలో ఉన్న తీర్పును చదివి ఆ తేడాను నిర్ధారించారు. ముట్టుకోవడానికి వీలుకాని కరెంటును కూడా దొంగిలించవచ్చని 1921లో అదే కోర్టు ఇచ్చిన తీర్పు సంగతీ ఆయనే చెప్పారు. హేగ్ నగరంలో ఒక పళ్ల డాక్టరు మీటరు తిరగకుండా సూది గుచ్చిన కేసు అది. ఇప్పుడు ఆ రెండు తీర్పులూ పక్కపక్కన ఉన్నాయి. ఆటలంటే గిట్టని పెద్దలు కూడా ఈ విభాగం చదివి ఫోను చేశారు.

ఇందుకు పూర్తి భిన్నమైన అనుభవం 2006 జూన్‌లో ఆటలోని ఫలడోర్ నగరంలో జరిగిన ఉదంతంతో ఎదురైంది. నిర్మాణ నైపుణ్యంలో మొదటిసారి 99వ స్థాయి అందుకున్న ఆటగాడికి ఆటలో ఉన్న ఇంట్లో వేడుక జరుగుతుండగా ఒక లోపం బయటపడింది. కొందరికి ఎక్కడపడితే అక్కడ ఇతరులపై దాడి చేసే శక్తి వచ్చింది, ఎదుటివారికి తిరగబడే వీల్లేదు. మన సభ్యుడొకరు ఆ రోజుల్లో ఆడుతూ ఉన్నవారే, కళ్లకు కట్టినట్టు చెప్పారు. వింటూ ఉండిపోయాం. కానీ సభ్యుడి జ్ఞాపకం మూలం కాదు, వికీపీడియా ఒప్పుకోని మౌలిక పరిశోధన (ఎక్కడా ప్రచురితం కాని సమాచారం) కిందకు వస్తుంది. నమ్మదగిన మూలాల్లో ఉన్నంత మేరకే వ్యాసంలో ఉంచాం. ఆయన చెప్పింది చర్చా పేజీలో భద్రంగా ఉంది, ఆసక్తి ఉన్నవారు తప్పక చదవండి.

ఖమ్మంలో ఉపాధ్యాయురాలిగా ఉన్న సభ్యురాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆమె ఈ ఆటను ఎన్నడూ చూడలేదు. అందుకే ప్రతి విభాగాన్నీ ముందు ఆమెకే ఫోనులో చదివి వినిపించాం. ప్రవేశిక (వ్యాసం మొదటి పేరా) విన్నాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఈ ఆట గెలిచేదెప్పుడు?" ఆడినవాళ్లమెవరికీ తట్టలేదు. ఈ ఆటకు ముగింపు లేదు, విజేత లేడు. గిలినోర్ అనే లోకంలోకి వెళ్లి చేపలు పట్టుకుంటూనో, కట్టెలు కొట్టుకుంటూనో, కబుర్లు చెప్పుకుంటూనో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ఆ మాట ఇప్పుడు ప్రవేశిక రెండో వాక్యంలో ఉంది. యంత్రానువాదం వాసన కొట్టే వాక్యాలను కూడా ఆమె చెవే పట్టేసింది. "చేయబడింది", "కలిగి ఉంది" అని ముగిసే వాక్యాలు దాదాపుగా పోయాయి.

బొమ్మల విషయం. ఆట తెరపట్లు కాపీహక్కులవి కాబట్టి కామన్స్‌లో (వికీపీడియాల ఉమ్మడి స్వేచ్ఛా బొమ్మల భండారంలో) పెట్టకూడదు. తగ్గించిన రిజొల్యూషన్‌లో, సముచిత వినియోగ వివరణతో స్థానికంగా ఎక్కించాం. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న సభ్యుడు జాగెక్స్ కార్యాలయాన్ని బయటి నుంచి ఫొటో తీసి స్వేచ్ఛా లైసెన్సుతో కామన్స్‌కు ఇచ్చారు. భవనాల బయటి ఫొటోలకు బ్రిటన్ చట్టం అడ్డు చెప్పదు. ఎర్రలింకుల్లో (ఇంకా వ్యాసం లేని పేర్లలో) జాగెక్స్, అల్టిమా ఆన్‌లైన్ ఆట, ఇంకా 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన మడ్ ఆటకు వ్యాసాలు మొదలుపెట్టాం. ఇవి ఇంకా మొలకలే.

అజ్ఞాత వాడుకరులు బంగారం అమ్మే సైట్ల లింకులు పదేపదే చేర్చడం వేసవిలో తలనొప్పిగా మారింది. నిర్వాహకులను అడిగి అజ్ఞాతలు వ్యాసాన్ని మార్చలేకుండా కొన్నాళ్లు పాక్షిక సంరక్షణ పెట్టించుకున్నాం. ఇప్పుడు ఆ బెడద తగ్గింది. లింకు చేరిన ప్రతిసారీ దిద్దుబాటు సారాంశంలో కారణం రాసి తొలగించిన సభ్యులకు ధన్యవాదాలు. కారణం రాయకుండా తొలగిస్తే కొత్తవాళ్లు నొచ్చుకుంటారు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు.

మిగిలిన పని ఇది. వెనెజువేలాలో కరెన్సీ విలువ కుప్పకూలిన కాలంలో అక్కడివారు చాలామంది ఓల్డ్ స్కూల్‌లో ఆకుపచ్చ డ్రాగన్లను వేటాడి, వచ్చిన బంగారం అమ్ముకుని ఇల్లు నడిపారు. ఈ విభాగం ఇంకా ప్రయోగశాలలోనే (చిత్తు పేజీలోనే) ఉంది. అవి మనుషుల కష్టాలు కాబట్టి తొందరపడి రాయకూడదని ఆపాను. స్పానిష్ చదవగల సభ్యులెవరైనా ఉంటే దయచేసి ముందుకు రండి. ఇయన్ టేలర్ సమకూర్చిన సంగీతం గురించి, 2018లో ఓల్డ్ స్కూల్, 2021లో ప్రధాన ఆట మొబైల్‌కు రావడం గురించి చెరొక వాక్యమే ఉంది. ఇవి పూర్తయ్యాక వికీపీడియా మొదటి పేజీలో కనిపించే "ఈ వారం వ్యాసం"గా ప్రతిపాదిద్దాం. అంతకు ముందే ప్రతిపాదించాలని కొందరు కోరుతున్నారు. వెనెజువేలా భాగం లేకుండా వ్యాసం అసంపూర్ణమని నా ఉద్దేశం. దీన్ని సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడదాం.

వచ్చే ఏడాదికి ఏ వ్యాసం తీసుకోవాలన్న ప్రతిపాదనలు సమావేశానికి ముందే పంపండి. ప్రతిపాదనతో పాటు కనీసం రెండు స్వతంత్ర మూలాలు జతచేయండి.

కార్యదర్శి